బండిలో రెండో మనిషి

పాల వ్యాను బంపరుకు అంటిన రక్తం మనిషిది కాదు, కుక్కది.

ల్యాబు నుంచి ఫోన్లో ఆ మాట వినగానే క్రైమ్ బ్రాంచి ఇన్‌స్పెక్టర్ గోడ గడియారం వైపు చూసింది. పదిన్నర. ఆ రక్తాన్నే సాక్ష్యంగా చూపించి ఒక కుర్రాణ్ణి పదిహేనేళ్లు లోపల వేయించడానికి మూడింటికల్లా ఫైలు కోర్టుకు చేరాలి.

"ఖాయంగా చెప్తున్నారా?"

"కుక్కకీ మనిషికీ తేడా తెలియకపోతే మాకు జీతాలెందుకు మేడమ్? రెండుసార్లు చూశాం. స్పెషల్ స్క్వాడ్ వాళ్లకి నిన్న సాయంత్రమే చెప్పాం కూడా."

"వాళ్లేమన్నారు?"

"థాంక్యూ అన్నారు."

ఆమె ఫోను పెట్టేసి లేచింది. డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆమెను సూదమ్మ అంటారు. గడ్డివాములో సూదిని వెతికే ఓపిక ఉందని కొందరి లెక్క, మాటతో గుచ్చుతుందని మరికొందరి లెక్క. రెండూ నిజమేనని ఆమె ఎప్పుడో ఒప్పేసుకుంది.

కేసు నాలుగు రోజుల నాటిది. తెల్లవారుజామున సైకిల్ మీద స్విమ్మింగ్ పూల్‌కు వెళ్తున్న ఈత కోచ్‌ను ఏదో బండి వెనక నుంచి గుద్దేసి పోయింది. అటుగా వచ్చిన ఒక అంబులెన్స్ వాళ్లు చూసి ఆస్పత్రిలో చేర్చారు. రెండు గంటలు తిరక్కుండా ప్రాణం పోయింది. ఊళ్లో సగం మంది పిల్లలకు ఈత నేర్పిన మనిషి కావడంతో జనం రోడ్డెక్కారు.

దానికి తోడు కొత్త చట్టం వచ్చి మూడు వారాలే అయింది. పాత రోజుల్లో బండితో గుద్ది మనిషిని చంపితే మహా అయితే రెండేళ్లు, సాయంత్రానికల్లా బెయిలు. అలా బెయిలు తీసుకుని నవ్వుకుంటూ మెట్లు దిగినవాళ్లను సూదమ్మ తన కళ్లతో చూసింది. చట్టం గట్టిపడాలని కోరుకున్నవాళ్లలో ఆమె కూడా ఉంది. ఇప్పుడు గుద్ది పారిపోయినా, నిజం దాచినా పదిహేనేళ్లు, బెయిలు లేదు. ఆ చట్టం కింద ఇదే మొదటి కేసు. అందుకే కోర్టుకు పోయేముందు ఫైలు ఒకసారి చూసి పెట్టమని పై అధికారి ఆమెకు అప్పజెప్పాడు. సంతకం పెట్టి పంపేస్తుందనుకున్నాడు పాపం.

ఆమె ముందు లాకప్ దగ్గరికి వెళ్లింది. పాల వ్యాను కుర్రాడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బయట బెంచీ మీద వాడి అక్క, ఒళ్లో టిఫిన్ డబ్బా మూత తీయకుండా అలాగే పట్టుకుని ఉంది.

"ఆ రోజు ఏం గుద్దావు?"

"కుక్కనమ్మా. మొదటి రోజే చెప్పాను. ఎవరూ రాసుకోలేదు."

"మరి పోలీసుల్ని చూసి గోడ దూకి ఎందుకు పారిపోయావు?"

వాడు తల దించుకున్నాడు. "పదిహేనేళ్లన్నారు కదమ్మా. కుక్కక్కూడా అంతేనేమో అనుకున్నాను."

వాడి అక్క బెంచీ మీద నుంచే అందుకుంది. "వాడికి భయం ఎక్కువ, బుర్ర తక్కువ మేడమ్. అమ్మా నాన్నా పోయాక నేనే పెంచాను, నాకు తెలియదా? కుక్క చచ్చిపోయిందని ఆ పొద్దున ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు. మనిషిని చంపినవాడైతే నాకు చెప్పకుండా ఉండడు. నాకు చెప్పకుండా వాడు చొక్కా కూడా కొనుక్కోడు."

"డబ్బా తెరిచి వాడికి పెట్టు," అంది సూదమ్మ.

వెనక నుంచి బూట్ల చప్పుడు. స్పెషల్ స్క్వాడ్ అధికారి. ఊళ్లో ఏ మలుపు తిరిగినా అతని ఫొటో ఉన్న బ్యానరే ఎదురవుతుంది కనుక అతనికి బ్యానర్ అనే పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు తెలియనిది అతనొక్కడికే.

"ఏంటి సూదమ్మా, నా ముద్దాయికి భోజనాలు పెట్టిస్తున్నావు?"

"రక్తం కుక్కది సారూ."

"అయితే ఏమైంది? ముందు మనిషిని గుద్దాడు. తర్వాత కంగారులో కుక్కని గుద్దాడు."

"అంటే మనిషి రక్తం శుభ్రంగా కడిగేసి, కుక్క రక్తం మాత్రం మీ కోసం దాచిపెట్టాడా?"

పక్కనే ఉన్న హెడ్ కానిస్టేబుల్ దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. బ్యానర్ మొహం ఎర్రబడింది.

"సైకిలు మీద తెల్ల పెయింటు గీతలున్నాయి. వీడి వ్యాను తెల్లది. ఆ టైముకి ఆ రోడ్డులో వ్యాను వెళ్లినట్టు కెమెరాలో ఉంది. వీడు పారిపోయాడు. ఇంకేం కావాలి?"

"ఊళ్లో తెల్లబళ్లు ఎన్నున్నాయో లెక్క పెట్టారా?"

"మూడింటికి ఫైలు కోర్టులో ఉంటుంది. ఈలోపు నువ్వు ఇంకో బండి పట్టుకొస్తే సరే. లేకపోతే సంతకం పెట్టు." అతను వాచీ చూసుకున్నాడు. "నాకు పన్నెండున్నరకి ప్రోగ్రాం ఉంది. ఆ కోచ్‌ని ఆస్పత్రికి చేర్చిన అంబులెన్స్ వాళ్లకి సన్మానం. మంచి చేసినవాళ్లని కూడా గుర్తించాలి కదా."

అతను వెళ్లిపోయాక సూదమ్మ జీపెక్కింది. "ఆస్పత్రికి పోనివ్వు," అంది హెడ్డుతో. "వ్యాను మూతి గోడలా నిటారుగా ఉంటుంది. దానితో గుద్దితే మనిషి ముందుకి పడాలి. దెబ్బలు ఎక్కడ తగిలాయో చూసిన డాక్టరుని అడుగుదాం."

డ్యూటీ డాక్టరు అప్పుడే ఒక ఆపరేషన్ ముగించుకుని చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నిద్రలేక కళ్లు లోపలికి పోయాయి. అయినా ఆ కేసు పేరెత్తగానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నా కొడుక్కి కూడా ఆయనే ఈత నేర్పాడు మేడమ్. అడగండి."

"దెబ్బలు ఎక్కడెక్కడ?"

"కాళ్లకి వెనక వైపు, బంపరు దెబ్బ. తల వెనక భాగం బండి ముందు అద్దానికి కొట్టుకుంది. అంటే గుద్దగానే బానెట్ మీదికి లేచి, వెనక్కి పడ్డాడన్న మాట."

"రోడ్డుకి కాకుండా అద్దానికే కొట్టుకుందని మీకెలా తెలుసు?"

"అంబులెన్స్ టెక్నీషియన్ చెప్పాడు."

సూదమ్మ కుర్చీలో కొంచెం ముందుకు జరిగింది. "ఎప్పుడు?"

"అప్పజెప్పేటప్పుడు. పేషెంటుని తెచ్చినవాడు మాకు అర నిమిషంలో మొత్తం అప్పజెప్పాలి. ఏం తగిలింది, ఎక్కడ తగిలింది, ఎంతసేపు స్పృహ తప్పింది, మాట్లాడాడా లేదా. మా వైద్యం దాని మీదే నడుస్తుంది. అది తప్పు చెప్తే మా చేతుల్తో మేమే పేషెంటుని చంపుకుంటాం."

"అతను చెప్పిన మాటలు గుర్తున్నాయా?"

"మరిచిపోయే మాటలా? 'వెనక నుంచి గుద్దుడు సార్. తల అద్దానికి తగిలింది. ఒక నిమిషం స్పృహ లేదు. తర్వాత తెలివొచ్చి బాగానే మాట్లాడాడు. ఇప్పుడు మళ్లీ మగతలోకి జారుతున్నాడు.' ఆ చివరి మాటతోనే తల లోపల రక్తం పేరుకుంటోందని పసిగట్టి నేరుగా ఆపరేషన్‌కి తీసుకెళ్లాం. అతను మా దగ్గరికి వచ్చేవాళ్లలో అందరికంటే గట్టివాడు మేడమ్. ఒక్క మాట తేడా రాదు."

సూదమ్మకు ఫైల్లో అదే టెక్నీషియన్ స్క్వాడ్‌కు ఇచ్చిన వాంగ్మూలం కళ్ల ముందు కదిలింది. 'మేం చూసేసరికే స్పృహ లేకుండా రోడ్డు మీద పడి ఉన్నాడు. గుద్దిన బండి కనిపించలేదు. దారిలో ఎక్కడా కళ్లు తెరవలేదు.' బండే చూడనివాడికి తల అద్దానికి తగిలిందని ఎలా తెలిసింది? తను వచ్చేసరికే స్పృహ లేనివాడు ఆ ముందు ఎంతసేపు అలా ఉన్నాడో ఎవరు చెప్పారు?

పోలీసుకు ఒకటి చెప్పాడు. డాక్టరుకు ఒకటి చెప్పాడు.

"ఒక్కటే నాకు కొరుకుడు పడలేదు," అన్నాడు డాక్టరు తనలో తాను అనుకుంటున్నట్టు. "అతను తెచ్చిన పేషెంటుకి మెడ పట్టీ లేకపోవడం అదే మొదటిసారి. ఆక్సిజన్ పెట్టలేదు. సెలైన్ లేదు. దారిలో వాంతి అయితే తుడవను కూడా లేదు. అదంతా ఊపిరితిత్తుల్లోకి వెళ్లిపోయింది. తల దెబ్బని కాచుకోగలిగేవాళ్లమేమో, దాన్ని మాత్రం కాచుకోలేకపోయాం."

"పక్కన మనిషి కూర్చుని ఉంటే?"

"పక్కకి తిప్పి నోరు తుడిచేవాడు. రెండు చేతుల పని."

"స్ట్రెచర్ ఎవరు దించారు?"

"అతనూ, మా గార్డూ."

"అంబులెన్స్ డ్రైవరు?"

"అప్పుడు లేడు. ఆపరేషన్ అయ్యాక బయటికొస్తే కాఫీ మెషీన్ దగ్గర కనిపించాడు. చేతిలో హెల్మెట్ ఉంది. అంబులెన్స్‌కి హెల్మెట్ ఎందుకయ్యా పెద్దాయనా అని ఆట పట్టించాను కూడా. నవ్వలేదు."

సూదమ్మ లేచింది. "నేనూ నవ్వను డాక్టరుగారూ. మీరు ఇప్పుడు చెప్పినదంతా మూడింటికి కోర్టులో చెప్పాల్సి రావచ్చు. ఫోను దగ్గర పెట్టుకోండి."

అంబులెన్స్ డిపోలో షామియానా కింద ఇరవై కుర్చీలు, ఒక మైకు. మైకు వెనక బ్యానర్ కట్టించిన బ్యానరు: 'గుద్దితే పదిహేనేళ్లు' అని మనిషెత్తు అక్షరాలు, పక్కన అంతకంటే పెద్ద ఫొటో. సన్మానం అందుకోవాల్సిన ఇద్దరూ మొదటి వరసలో కూర్చున్నారు. పెద్దాయన డ్రైవరు. పక్కన ముప్పై ఏళ్ల టెక్నీషియన్, ఆయనకు సొంత అల్లుడు. ఇద్దరూ ఒకే బండి మీద ఆరేళ్లుగా పనిచేస్తున్నారని, మామా అల్లుళ్ల బండి అంటే డిపోలో అందరికీ గౌరవమని మైకులో ఎవరో చెప్తున్నారు. మామ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నాడు. అల్లుడు ఎటూ చూడటం లేదు.

సూదమ్మ షామియానా వైపు పోలేదు. వెనక షెడ్డులో వరసగా నిలబెట్టిన బళ్ల దగ్గరికి నడిచింది. నాలుగు అంబులెన్సులు, నాలుగూ తెల్లవే. మూడింటి ముందు అద్దాల మీద ఎండకు వెలిసిన ఫిట్‌నెస్ స్టిక్కర్లు, డిపో నంబర్లు ఉన్నాయి. నాలుగోదాని అద్దం అప్పుడే కడిగిన పళ్లెంలా ఉంది. ఒక్క స్టిక్కరూ లేదు. చుట్టూ రబ్బరు నల్లగా నిగనిగలాడుతోంది.

"మామా అల్లుళ్ల బండి ఇదేనా?" అని అడిగింది దగ్గర్లో ఉన్న మెకానిక్‌ను.

"అదే మేడమ్."

"అద్దం ఎప్పుడు మార్చారు?"

"మొన్న, నాలుగు రోజులవుతుంది. రాయి తగిలిందన్నారు."

"పగిలిన అద్దం ఎలా ఉంది? చిల్లు పడిందా?"

"చిల్లు కాదు మేడమ్. ఎడమ పక్కన, గిన్నె బోర్లించి నొక్కినట్టు లోపలికి గుంట పడింది. చుట్టూ సాలెగూడులా గీతలు."

"రాయికి గుంట పడుతుందా?"

మెకానిక్ పక్కకు తప్పుకున్నాడు. సూదమ్మ తలుపు తెరిచి డ్యాష్‌బోర్డు మీదికి వంగింది. ఎడమ వైపు గాలి వచ్చే జాలీ సందుల్లో గాజు రజను మెరిసింది. జేబులోంచి కవరు తీసి, పెన్ను మూతతో కాస్త అందులోకి రాల్చుకుంది. ముందుకొచ్చి బానెట్ మీద వేలు రాసింది. ఆ ఒక్క ముక్క కొత్త పెయింటుతో మిగతా బండికంటే తెల్లగా ఉంది.

"ఇక్కడేం చేస్తున్నావు?"

బ్యానర్. పూలగుత్తి చేతిలోనే ఉంది.

"మీరు అడిగారుగా ఇంకో బండి పట్టుకు రమ్మని. ఇదిగో."

అతను ఒకసారి బండి వైపు, ఒకసారి ఆమె వైపు చూసి నవ్వేశాడు. "మతి పోయిందా సూదమ్మా? ప్రాణం కాపాడబోయినవాళ్ల మీద పడతావా? బయట విలేకరులున్నారు. ఇది విన్నారంటే నీ ఖాకీ, నా ఖాకీ రెండూ ఊడతాయి."

"ఊడేది మీ బ్యానరు. అయినా చట్టాన్ని దాని మీద సగమే రాశారేం?"

"ఏ సగం?"

"ఆగి, వెంటనే నిజం చెప్పి, దెబ్బ తిన్నవాణ్ణి కాపాడే ప్రయత్నం చేసినవాడికి అయిదేళ్లు మించకూడదు. అదే సెక్షన్ కింద రెండో పేరా."

"బ్యానర్ చదివే జనానికి పేరాలెందుకు? భయం ఉంటే చాలు."

"భయం బాగానే ఉంది. కుక్కని గుద్దినవాడు గోడ దూకాడు. మనిషిని గుద్దినవాడు సన్మానానికి వచ్చి కూర్చున్నాడు. మీరు వెళ్లి మైకు కట్టేయించండి. ఆ పెద్దాయన్ని ఇలా పంపండి. పంపకపోతే నేనే అక్కడికొచ్చి మైకులో అడుగుతాను."

బ్యానర్ పూలగుత్తిని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు తిప్పుకుని, చివరికి మెకానిక్ చేతిలో పెట్టి కదిలాడు.

మామ వచ్చాడు. మనిషి నడుస్తున్నాడు కానీ కాళ్లు వెనక్కి లాగుతున్నాయి. సూదమ్మ ఒక పాత టైరు చూపించింది. ఆయన కూర్చున్నాక తను కూడా ఎదురుగా ఇంకో టైరు మీద కూర్చుంది.

"ఆ పొద్దున బండి ఎవరు నడిపారు పెద్దాయనా?"

"నేనే. డ్రైవర్ని నేనే కదమ్మా."

"అల్లుడు?"

"వెనక, పేషెంటు పక్కన."

"పక్కనే ఉంటే మెడ పట్టీ ఎందుకు వేయలేదు? నోరెందుకు తుడవలేదు?"

మామ భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు.

"హెల్మెట్ ఎవరిది?"

"ఏ హెల్మెట్?"

"ఆస్పత్రిలో కాఫీ మెషీన్ దగ్గర నీ చేతిలో ఉన్నది. అల్లుడు ఫోన్ చేస్తే ఇంటి నుంచి స్కూటరు మీద వచ్చావు. రాత్రి డ్యూటీ అయ్యాక నువ్వు ఇంటి దగ్గరే దిగిపోతావు. డిపోకి బండి అతనొక్కడే తెస్తాడు. అవునా?"

"అందరూ అంతే చేస్తారమ్మా," అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "ఇల్లు దారిలోనే. మళ్లీ డిపోకొచ్చి, మళ్లీ బస్సెక్కి ఇంటికెళ్లేసరికి పొద్దెక్కిపోతుంది. టెక్నీషియన్లు తెచ్చి పెట్టేస్తారు. ఎవరూ ఏమీ అనరు. ఎన్నేళ్లుగానో..." అంతలోనే ఏం ఒప్పేసుకున్నాడో తట్టి ఉలిక్కిపడి లేచాడు. "కాదు, ఆ రోజు నేను దిగలేదు. నేనే నడిపాను. నేనే గుద్దాను. నన్ను తీసుకెళ్లండి. కాగితం ఇవ్వండి, సంతకం పెడతాను."

షెడ్డు గుమ్మం దగ్గర నిలబడ్డ బ్యానర్ ఒక అడుగు ముందుకు వేశాడు. "ఒప్పుకుంటున్నాడుగా. రాసేసుకుందాం."

"మీరు నాలుగు రోజుల్లో రెండో మనిషిని జైల్లో వేయబోతున్నారు సారూ. కొంచెం ఆగండి." ఆమె మామ వైపు తిరిగింది. "గుద్దినప్పుడు ఆయన అద్దానికి ఏ పక్క తగిలాడు?"

"కుడి పక్క... నా ముందే."

"ఎడమ పక్క. నువ్వు అక్కడ లేవు పెద్దాయనా."

ఆయన మళ్లీ టైరు మీద కూలబడ్డాడు. తువ్వాలుతో మొహం కప్పుకుని, ఆ గుడ్డ వెనక నుంచే మాట్లాడాడు. "నాకు అరవై దగ్గర పడుతున్నాయి. పదిహేనేళ్లు లోపల ఉంటే అక్కడే పోతాను, అంతే. వాడు వెళ్తే నా కూతురికి ఎవరు? నా మనవరాలికి ఇంకా మాటలు కూడా రాలేదు. మీకూ ఆడపిల్లలు ఉండే ఉంటారు. నన్ను రాసేసుకోండమ్మా. లెక్క సరిపోతుంది కదా. ఒక చావుకి ఒక మనిషి."

"సరిపోదు. ఇది చిట్టీ పాట కాదు, ఒకరి బదులు ఇంకొకరు కట్టడానికి. నువ్వు సంతకం పెడితే నీ కూతురు ఇంట్లో రోజూ రాత్రి ఇద్దరి అబద్ధం పక్కన పడుకుంటుంది. అక్కడ లాకప్ ముందు కూడా ఒక అక్క కూర్చుని ఉంది. ఆవిడకి ఏం చెప్పమంటావు?"

"మామయ్యా, ఇంక లే."

టెక్నీషియన్ ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. బండి వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మామ లేచి అతని చొక్కా పట్టుకున్నాడు. "నోరు మూసుకో. నీకేం తెలియదు. నువ్వు ఏమీ మాట్లాడకు. పిల్ల మొహం చూడు." అతను ఆ వేళ్లను ఒక్కొక్కటిగా, కట్టు విప్పినంత మెల్లగా విడిపించుకున్నాడు.

"లోపల కూర్చుని మాట్లాడదామా మేడమ్?" అన్నాడు.

ముగ్గురూ బండి వెనకవైపుకు వెళ్లారు. సూదమ్మ ఎక్కి అటెండెంట్ సీట్లో కూర్చుంది. అతను ఖాళీ స్ట్రెచర్ అంచున కూర్చున్నాడు. మామ పైకి ఎక్కలేక మెట్టు మీదే ఆగిపోయాడు. హెడ్డు తలుపు దగ్గర నిలబడి కాగితం తీశాడు. తలుపు పక్క నుంచి బ్యానర్ తొంగి చూస్తున్నాడు.

"అబద్ధం చెప్పాలని అనుకున్నవాడివి డాక్టరుకి నిజమెందుకు చెప్పావు?" అని అడిగింది సూదమ్మ.

"అది నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది మేడమ్. డాక్టరు ఎదురుగా నిలబడితే నాకు ఇంకో రకంగా మాట్లాడటం రాదు. స్పృహ తప్పి లేచాడని చెప్పకపోతే వాళ్లు స్కాన్ గది ముందు వరసలో పెట్టేవాళ్లు. బయటికొచ్చాక గుర్తొచ్చింది, అంతా చెప్పేశానని. అప్పటికి స్క్వాడ్ వాళ్లు వచ్చేశారు. వాళ్లకి వేరేలా చెప్పాను."

"మొదటి నుంచి చెప్పు. తొందరేం లేదు."

అతను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ మొదలుపెట్టాడు.

"మామయ్యని ఇంటి దగ్గర దింపాను. ఆ రాత్రి ఒక్క నిమిషం కూడా నడుం వాల్చలేదు. రెప్ప ఒక్కసారి వాలింది. తెరిచేసరికి ఆయన అద్దం మీదున్నాడు. బ్రేకు వేశాను. పారిపోలేదు మేడమ్, ఆ మాట మాత్రం రాయండి. దిగాను, నాడి చూశాను. నిమిషానికల్లా కళ్లు తెరిచాడు. నా ముఖం చూశాడు, బండి చూశాడు. తిట్టలేదు. 'పిల్లలు గేటు దగ్గరకి వచ్చేస్తుంటారు బాబూ, తాళం నా దగ్గరే ఉంది' అని జేబులోంచి తీసి నా చేతికిచ్చాడు. ఇదిగో. ఇంకా నా దగ్గరే ఉంది."

అతను జేబులోంచి ఇత్తడి తాళంచెవి తీసి స్ట్రెచర్ మీద పెట్టాడు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"ఒక్కణ్ణే ఎత్తి లోపల పడుకోబెట్టాను. రేడియో చేతిలోకి తీసుకున్నాను. మా పద్ధతి ఏంటంటే, బండిలో ఒక్కడే ఉంటే కదలకూడదు. పేషెంటు పక్కన కూర్చుని ఇంకో బండిని పిలవాలి. ఆ చుట్టుపక్కలే ఇంకో బండి ఉంది, నాకు తెలుసు. పిలిస్తే వాళ్లు వస్తారు. వస్తే నా అద్దం చూస్తారు. రోజూ ఇక్కడి గోడ మీద చూస్తున్నాను, గుద్దితే పదిహేనేళ్లు అని. నా కూతురికి పదహారొస్తాయి అనుకున్నాను. అప్పటికి నన్ను గుర్తుపడుతుందా అనుకున్నాను. రేడియోలో 'దారిలో దెబ్బ తిన్న మనిషి కనిపించాడు, మేమిద్దరం తెస్తున్నాం' అని చెప్పి పెట్టేశాను. మేమిద్దరం అన్నాను."

మెట్టు మీద మామ తల అటూ ఇటూ ఊపుతున్నాడు, వినడం ఆపేయాలన్నట్టు.

"ఆగి చెప్పి ఉంటే అయిదేళ్లకి మించదు," అంది సూదమ్మ. ఆమె గొంతులో జాలి లేదు, కోపమూ లేదు. "అది నీకు ఎవరూ చెప్పలేదు."

"చెప్పలేదు. కానీ ఆ పొద్దున నేను చేసిన పనికి అది అడ్డం పెట్టుకోను మేడమ్." అతను మొదటిసారి తలెత్తి ఆమె కళ్లలోకి చూశాడు. "ఆయన వెనక నుంచి మాట్లాడుతూనే ఉన్నాడు. ఎంత దూరం బాబూ అని రెండుసార్లు అడిగాడు. తర్వాత మాట ముద్దగా వచ్చింది. తర్వాత వాంతి చప్పుడు వినిపించింది. నా చేతులు స్టీరింగు మీదున్నాయి. ఆ చప్పుడు వింటే ఏం చేయాలో నా చేతులకి నిద్రలో కూడా తెలుసు. బండి ఆపితే పక్కనే ఉంటాను, కానీ ఆస్పత్రి దూరమైపోతుంది. ఆపకపోతే ఆయన ఒక్కడే అయిపోతాడు. ఇంకో మనిషి కావాలి. రేడియో నా మోకాలి పక్కనే ఉంది. అప్పుడైనా పిలవచ్చు. చెయ్యి దాని మీద పెట్టాను కూడా. తీసేశాను. నిద్ర ముంచుకొచ్చి గుద్దానని మీరు రాసుకుంటారు, రాసుకోండి. కానీ ఆయన చనిపోయింది అక్కడ కాదు మేడమ్. చెయ్యి తీసేసినప్పుడు నాకు మెలకువగానే ఉంది."